ప్రపంచ పేదరికం మీద మన వంతు: విరాళమా, ఉత్తరమా, గ్రామసభా?

నెలకు ఐదువందలు, వారానికి ఒక గంట. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఉద్యోగం చేసుకునేవాళ్ళయినా, పింఛను మీద బతికేవాళ్ళయినా, కాలేజీలో చదువుకునేవాళ్ళయినా ప్రపంచంలో పేదరికం తగ్గడం కోసం పక్కన పెట్టగలిగింది దాదాపు అంతే. ఉన్నది అంత తక్కువైనప్పుడే ఎక్కడ పెట్టాలన్నది గట్టిగా ఆలోచించుకోవాలి. విరాళం ఇవ్వాలా, ఎంపీకి రాయాలా, విదేశాల్లో ఉన్న పిల్లల చేత రాయించాలా, ఊళ్ళో గ్రామసభకు వెళ్ళి కూర్చోవాలా, ఫోనుకు వచ్చిన పిటిషన్ మీద సంతకం పెట్టాలా? దేని విలువ దానిదే అని చెప్పి తప్పించుకోవచ్చు. కానీ నా లెక్కలో వీటిలో ఒకటి మిగతావాటికంటే చాలా ముందుంది, మనవాళ్ళు అందరికంటే తక్కువగా వాడుతున్నదీ అదే.

ముందు ఆ పాత సామెత సంగతి

ఈ మాట ఎత్తగానే వచ్చే మొదటి జవాబు "తనకు మాలిన ధర్మం, మొదలు చెడ్డ బేరం" అని. దాన్ని నేను కొట్టిపారేయను. వలస వెళ్ళినవాళ్ళు లేని వీధి శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోనూ, తీరం వెంట మత్స్యకార గ్రామాల్లోనూ కనబడదు. 2018 నవంబరులో గుజరాత్ నుంచి వేటకు వెళ్ళి పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరి దాకా అక్కడి జైల్లో ఉన్న మత్స్యకారుల్లో ఎక్కువమంది మన తీరం వాళ్ళే. పొట్ట చేతబట్టుకుని గుజరాత్‌లోని వేరావల్ దాకా పోయే జిల్లా బయటివాళ్ళకు ఏమి పెడుతుందన్న ప్రశ్నలో న్యాయం ఉంది.

అయితే పద్దు పుస్తకంలో జమ వైపు కూడా చూడాలి కదా. ఊళ్ళలో ఇప్పటికీ "వెలుగు ఆఫీసు" అంటారు. ఆ వెలుగు, మహిళా పొదుపు సంఘాల ద్వారా నడిచిన పేదరిక నిర్మూలన పథకం, 2000లో ఆరు జిల్లాల్లో మొదలయింది: శ్రీకాకుళం, విజయనగరం, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్, అనంతపురం, చిత్తూరు. డబ్బు ప్రపంచ బ్యాంకులో ఐడీఏ అనే ఖాతా నుంచి వచ్చింది. పేద దేశాలకు నామమాత్రపు రుసుముతో, దీర్ఘకాలపు గడువుతో అప్పులివ్వడానికి 1960లో పెట్టిన ఖాతా అది. మూడేళ్ళకోసారి ప్రభుత్వాలు, ముఖ్యంగా ధనిక దేశాల ప్రభుత్వాలు, తమ ప్రజల పన్నుల్లోంచి తీసి అందులో వేస్తాయి. అప్పు తీర్చేది మనమే, నిజమే. కానీ ఆ షరతులతో అప్పు బయట ఎక్కడా పుట్టదు. డ్వాక్రా గ్రూపులు అంతకుముందే ఉన్నా, వాటి మీద గ్రామ సంఘం, దాని మీద మండల సమాఖ్య అనే మెట్లు గట్టిపడింది ఆ రోజుల్లోనే. ఈరోజు పొందూరులోనో గజపతినగరంలోనో సమావేశం జరిగితే ఒకామె తీర్మానాల పుస్తకం తెరిచి పొదుపులు రాస్తుంది, ఇంకొకామె ఎవరి అప్పు ఎన్ని వాయిదాలు మిగిలిందో చదివి వినిపిస్తుంది. ఆ పద్ధతి నేర్పిన ఖర్చులో కొంత, ఎన్నడూ మన పేరు కూడా వినని దేశాల్లో ఎవరి జీతంలోంచో కోసుకున్నది.

ఇంకా వెనక్కి వెళితే 1990లలో విజయనగరం జిల్లాకు డీపీఈపీ (జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం) కింద వచ్చిన చదువుల సొమ్ము వెనుక బ్రిటన్ సాయం ఉంది. కుష్టు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఉత్తరాంధ్రలో కాస్త వయసు మళ్ళినవాళ్ళకు ఆ జబ్బు ఎంత మందిని ఊరి చివరకు తోసిందో గుర్తుంటుంది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన మూడు మందుల చికిత్స 1995 నుంచి ప్రపంచమంతటా ఉచితమయింది. మొదట్లో ఖర్చు భరించింది జపాన్‌కు చెందిన నిప్పన్ ఫౌండేషన్, 2000 నుంచి మందులిచ్చింది నోవార్టిస్.

సాయం అనేది మనకు పరాయి విషయం కాదని మాత్రం ఒప్పుకోవాలి.

ప్రస్తుతం సాయం ఎక్కడుంది

ధనిక దేశాలు తమ జాతీయాదాయంలో 0.7 శాతం పేద దేశాల అభివృద్ధికి ఇవ్వాలని ఐక్యరాజ్య సమితి 1970లో తీర్మానించింది. అర్ధ శతాబ్దం గడిచాక, 2024లో ఆ గీత దాటినవి నాలుగే: నార్వే, లక్సెంబర్గ్, స్వీడన్, డెన్మార్క్. ఆ ఏడాది ధనిక దేశాలన్నీ కలిసి ఇచ్చింది సుమారు 21,200 కోట్ల డాలర్లు, సగటున 0.33 శాతం. మొత్తంలో అప్పటికి పెద్దన్న అమెరికాయే అయినా, ఇచ్చింది దాని జాతీయాదాయంలో పావు శాతం కూడా లేదు. 2025 జూలై 1 నుంచి యూఎస్‌ఎయిడ్ అనే వాళ్ళ సాయం సంస్థే మూతపడింది. బ్రిటన్ 2021లో 0.7 నుంచి 0.5కు దిగింది, 2027కల్లా 0.3కు దిగుతానని ప్రకటించింది.

మరి మనం? భారత్ ఆ 0.7 లెక్కలో లేదు. అలాగని ఇవ్వడం లేదనుకుంటే పొరపాటు. 1964 నుంచి ఐటెక్ పేరుతో ఇతర దేశాలవాళ్ళకు శిక్షణ ఇస్తున్నాం. 2012లో విదేశాంగ శాఖలో దీనికోసం ఒక ప్రత్యేక విభాగమే పెట్టారు. 2025-26 బడ్జెట్‌లో భూటాన్‌కు 2,150 కోట్ల రూపాయలు, నేపాల్‌కు 700, మాల్దీవులకు 600, శ్రీలంకకు 300 కోట్లు కేటాయించారు. ఆఫ్రికా దేశాలన్నింటికీ కలిపి 225 కోట్లు. భూటాన్ 2023 డిసెంబరులోనే అత్యంత వెనుకబడిన దేశాల జాబితా నుంచి బయటపడింది. ఈ అంకెలు చూస్తే మన సాయం పేదరికాన్ని చూసి కాక సరిహద్దును చూసి పోతున్నదని ఎవరికైనా తెలుస్తుంది. అది తప్పా ఒప్పా అన్నది వేరే చర్చ. ఆ చర్చ మన ఊళ్ళలో ఎక్కడా జరగడం లేదన్నదే నా ఫిర్యాదు.

సంతకాలు, యాత్రలు

వీటిని త్వరగా దాటేద్దాం. ఫోనులో వేలు నొక్కి పెట్టే సంతకం వల్ల నష్టం లేదు, లాభం కూడా అంతంతమాత్రమే. ఎవరి ఓటో, ఏ నియోజకవర్గమో తెలియని పేర్ల జాబితాను ఏ నాయకుడూ లెక్కలోకి తీసుకోడు. సంతకం పెట్టాక మీ నంబరుకు విరాళాల సందేశాలు రావడం మాత్రం ఖాయం.

వారం రోజుల సేవా యాత్రలు అంతకంటే ఖరీదైన వ్యవహారం. ఏజెన్సీ ఊళ్ళకు వెళ్ళి గోడకు రంగు వేసి ఫొటోలు దిగి వచ్చే ఖర్చుతో అక్కడి మనిషికే ఆ రంగు పని కూలి ఇవ్వవచ్చు. వైద్యులు, నర్సులు, బోరు పంపు బాగుచేసేవాళ్ళు, చేతిలో పని ఉన్నవాళ్ళ సంగతి వేరు. వాళ్ళు వెళ్ళాలి.

విరాళం: పని ఖాయం, పరిధి చిన్నది

విరాళానికి ఒక గొప్ప గుణం ఉంది. ఎవరినీ ఒప్పించనక్కరలేదు. మలేరియాతో ప్రపంచంలో ఏటా సుమారు ఆరు లక్షల మంది చనిపోతున్నారు, వాళ్ళలో నూటికి తొంభై అయిదు మంది ఆఫ్రికాలోనే, అందులోనూ ఎక్కువమంది ఐదేళ్ళలోపు పిల్లలు. మందు పట్టించిన దోమతెర కొని ఇంటికి చేర్చేందుకు అయ్యేది కొద్ది డాలర్లే. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వైపు మలేరియా కాలం ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకు ఆ తెర విలువ ఒకరు చెప్పాల్సిన పని లేదు.

చిక్కు ఎక్కడంటే, ఇక్కడి నుంచి నేరుగా పంపడంలో. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఒక వ్యక్తి ఏడాదికి 2,50,000 డాలర్ల దాకా విదేశాలకు పంపవచ్చు, అందులో విరాళాలూ వస్తాయి. కాబట్టి చట్టం అడ్డు కాదు. కానీ నెలకు ఐదువందలు పంపితే బ్యాంకు రుసుములు, మారకపు తేడా కలిసి అందులో చాలా భాగం మింగేస్తాయి. బయటి సంస్థకే ఇవ్వాలనుకుంటే నెలనెలా కాక రెండు మూడేళ్ళకోసారి పోగుచేసి పంపడం మేలు. లేదంటే భారత్‌లో రిజిస్టరై, ఇక్కడి బ్యాంకు ఖాతాలో రూపాయలు తీసుకునే సంస్థను ఎంచుకోవాలి. పిల్లల కోసం పనిచేసే ఐక్యరాజ్య సమితి సంస్థ యునిసెఫ్ భారత్‌లో నేరుగా విరాళాలు తీసుకుంటుంది. పన్ను మినహాయింపు కావాలంటే కూడా రిజిస్టరైన దేశీయ సంస్థే దిక్కు. అందరూ 80జీ అని పిలిచే ఆ మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకే, నగదుగా ఇస్తే 2,000 రూపాయల దాకానే.

సంస్థను పరీక్షించడం మీద ఒక మాట. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో లామినేషన్ చేసిన కాగితం ఒళ్ళో పెట్టి, మళ్ళీ వచ్చి తీసుకుపోయే కుర్రాళ్ళను మనం చూస్తూనే ఉంటాం. కాగితం మీద పిల్లవాడి ఫొటో, కింద ఒక ట్రస్టు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు. ట్రస్టు రిజిస్టర్ చేయించడం పెద్ద పనేమీ కాదు, ఆ నంబరు నిజాయితీకి సాక్ష్యం కాదు. అడగవలసింది మూడు: ఆడిట్ అయిన జమాఖర్చులు, కిందటి ఏడాది చేసిన పనుల నివేదిక, విరాళం తీసుకున్నట్టు పన్ను మినహాయింపుకు పనికొచ్చే ధ్రువపత్రం ఇస్తారా అన్నది. ఈ మూడింటికీ నీళ్ళు నమిలితే పర్సు మూసేయండి. జాలి కలిగించే ఫొటో ఎంత పెద్దదైతే నేను అంత జాగ్రత్త పడతాను.

విరాళం బలహీనత దాని కొలతలో ఉంది. మీ ఐదువందలు ఐదువందలుగానే ఉంటాయి. పొలానికి ఏతంతో నీళ్ళు తోడుకోవడం ఒక పద్ధతి, గొట్టా బ్యారేజీ దగ్గర తలుపులు ఎత్తమని పదిమందీ కలిసి వెళ్ళి అడగడం ఒక పద్ధతి. రెండోది జరగకపోవచ్చు కూడా. జరిగితే మాత్రం తడిసేది మీ పొలం ఒక్కటే కాదు.

ఉత్తరం: అందరూ వదిలేసిన ఆయుధం

ఇక్కడ కాస్త ఆగుతాను. 1970ల చివర అమెరికాలో శామ్ డేలీ హారిస్ అనే సంగీతం మాస్టారు బడి పిల్లలను ఒక ప్రశ్న అడిగాడు: మీ కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) సభ్యుడి పేరేమిటి? సుమారు 7,000 మందిని అడిగితే చెప్పగలిగింది 200 మంది. ఆకలిని అంతం చేయడానికి పంటలు, మందులు, డబ్బు ఉన్నాయి గాని అడిగేవాళ్ళు లేరని ఆయనకు తోచింది. 1980లో రిజల్ట్స్ అనే సంస్థ పెట్టాడు. నెలకోసారి పదిమంది కూడడం, ఒక్క విషయం నేర్చుకోవడం, అక్కడికక్కడే కూర్చుని తమ సభ్యుడికి ఉత్తరం రాయడం, ఊరికి వచ్చినప్పుడు వెళ్ళి కలవడం. వాళ్ళ పద్ధతి అంతే. పిల్లల టీకాలకు, క్షయ, మలేరియాలపై పోరుకు అమెరికా నిధులు పెంచమని అడిగినవాళ్ళలో వీళ్ళు ముందుంటారు. (1919 నుంచి సంగీత కళాశాల నడుపుకుంటున్న విజయనగరంలో సంగీతం మాస్టార్లకు కొదవ లేదు. రాజకీయాల్లోకి ఆ దారిన వచ్చినవాళ్ళనైతే నేను చూడలేదు.)

మన దగ్గర ఎంపీని కలిసే జనానికి తక్కువేమీ లేదు. కానీ వెళ్ళేది బదిలీ కోసం, సిఫారసు కోసం, కల్యాణ మండపం ప్రహరీ కోసం. ఎంపీ పనుల్లో ముఖ్యమైనది సభలో ప్రశ్న అడగడం అని ఎవరికీ గుర్తుండదు. లోక్‌సభలో రోజుకు నక్షత్ర గుర్తు ప్రశ్నలు 20, గుర్తు లేనివి 230 దాకా తీసుకుంటారు. గుర్తు ఉన్నదానికి మంత్రి నోటితో జవాబు చెప్పాలి, లేనిదానికి రాతలో ఇవ్వాలి. ప్రశ్నకు పదిహేను రోజుల ముందు నోటీసు ఉండాలి, సాధారణంగా 150 మాటలు దాటకూడదు. రాతలో వచ్చిన జవాబు ఎప్పటికీ రికార్డులో ఉంటుంది, ఎవరైనా చదవవచ్చు. ఒక మామూలు పౌరుడికి ప్రభుత్వం చేత లెక్క చెప్పించడానికి ఇంత చవకైన దారి ఇంకొకటి నాకు తెలియదు. సమాచార హక్కు దరఖాస్తుకు కూడా పది రూపాయలు కట్టాలి.

ఎవరికి రాయాలో తెలుసుకోండి, ఎందుకంటే జిల్లా హద్దూ లోక్‌సభ హద్దూ ఒకటి కాదు. రణస్థలం, లావేరు వాళ్ళు శ్రీకాకుళం జిల్లావాళ్ళే అయినా వాళ్ళ ఓటు విజయనగరం ఎంపీకి. శృంగవరపుకోట వాళ్ళది విశాఖపట్నం. పార్వతీపురం, సాలూరు వాళ్ళది అరకు. శ్రీకాకుళం నియోజకవర్గానికి ఇంకో మెలిక ఉంది. అక్కడి సభ్యుడు రామ్మోహన్ నాయుడు 2024 జూన్ నుంచి కేంద్రమంత్రి. మంత్రులు సభలో ప్రశ్నలకు జవాబులు చెప్తారు గాని ప్రశ్నలు వేయరు. కాబట్టి ఇచ్ఛాపురం నుంచి ఆమదాలవలస దాకా ఉన్నవాళ్ళు ఆయనకు రాస్తే, విదేశాంగ మంత్రికి తన సిఫారసుతో పంపమని అడగాలి. సభలో ప్రశ్నే కావాలంటే రాష్ట్రం నుంచి రాజ్యసభకు వెళ్ళిన 11 మందిలో ఒకరిని పట్టుకోవాలి.

ఏమి అడగాలి? "పేదరికం పోగొట్టండి" అని రాస్తే ఆ కాగితం చెత్తబుట్టకు కూడా భారమే. ఒక్క విషయం, ఒక్క అంకె, ఒక్క కోరిక ఉండాలి. నా ఎంపిక ఉద్దానం. అక్కడి మూత్రపిండాల వ్యాధికి సరిగ్గా కారణం తేలలేదు. మధుమేహం, రక్తపోటు లేని రైతు కూలీలకు వస్తున్నది. ఇలాంటిదే శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో ఉంది, నికరాగువా, ఎల్ సాల్వడార్‌లలో చెరకు తోటల కూలీల్లో ఉంది. శ్రీలంకలోని పొలొన్నరువలో చైనా సాయంతో కట్టిన పెద్ద మూత్రపిండాల ఆసుపత్రి 2021లో మొదలయింది. మన పలాసలో ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో తెరిచారు. ఈ రెండు ఊళ్ళూ మాట్లాడుకోవాలని అడగడం విదేశీ సాయం గురించి అడగడమే, సొంత ఊరి గురించి అడగడమూ అదే. ఉత్తరం ఇలా ఉండవచ్చు:

"అయ్యా, మా జిల్లా ఉద్దానంలో ఉన్న మూత్రపిండాల వ్యాధి వంటిదే శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోనూ ఉంది. 2025-26 బడ్జెట్‌లో శ్రీలంకకు మన ప్రభుత్వం 300 కోట్ల రూపాయల సాయం కేటాయించింది. ఈ కింది ప్రశ్నను విదేశాంగ మంత్రిని సభలో అడగవలసిందిగా కోరుతున్నాను. (అ) ఈ సాయంలో మూత్రపిండాల వ్యాధి నివారణకు, పరిశోధనకు ఏమైనా కేటాయించారా. (ఆ) కేటాయిస్తే వివరాలేమిటి. (ఇ) లేకుంటే పలాస పరిశోధన కేంద్రంతో కలిపి రెండు దేశాల ఉమ్మడి కార్యక్రమం చేపట్టే ఆలోచన ఉన్నదా? ప్రశ్న వేసినదీ లేనిదీ నాకు తెలియజేయగలరు."

కింద పేరు, ఊరు, మండలం, ఫోను నంబరు. ఓటరు గుర్తింపు సంఖ్య కూడా రాస్తే ఆఫీసులో కాగితం తిరగేసే మనిషి ఇది మనవాళ్ళదే అని గుర్తుపడతాడు. ఒకే మాటలతో వంద ఉత్తరాలు పంపడం కంటే ఎవరి మాటల్లో వాళ్ళు రాసినవి ఐదు పంపడం నయం.

పత్రికకు లేఖ దీనికి తోబుట్టువు. జిల్లా ఎడిషన్‌లో ఎంపీ పేరుతో పడిన నాలుగు వాక్యాలను ఆయన చూడకపోయినా ఆయన మనుషులు కత్తిరించి పెట్టుకుంటారు. ఉత్తరం పోస్టు చేసిన వారానికి లేఖ పడేలా చూసుకోవాలి.

అమెరికాలో ఉన్న మేనల్లుడు

ప్రపంచ సాయంలో పెద్ద మొత్తాలు నిర్ణయమయ్యేది వాషింగ్టన్‌లో, లండన్‌లో. అక్కడ మనకు ఓటు లేదు. మన పిల్లలకు ఉంది, కొందరికి. రాజాం నుంచో నరసన్నపేట నుంచో వెళ్ళి స్థిరపడినవాళ్ళు సంక్రాంతికి వచ్చినప్పుడు బడికి కంప్యూటర్లు, గుడికి గోపురం ఇస్తుంటారు. మంచిదే. కానీ వాళ్ళ నియోజకవర్గపు ప్రతినిధి ఆఫీసుకు ఒక్క ఫోను చేసి టీకాల నిధి, మలేరియా నిధి కోతల మీద ఓటు ఎటు వేస్తున్నారని అడిగితే, ఆ ఫోను విలువ ఇక్కడి నా పది ఉత్తరాలకంటే ఎక్కువ. అక్కడి ఆఫీసుల్లో ఏ అంశం మీద ఎన్ని ఫోన్లు వచ్చాయో లెక్క రాసుకుంటారు. పౌరసత్వం రాకపోయినా, ఆ నియోజకవర్గంలో కాపురం ఉంటే అడగవచ్చు. వీసా భయంతో వద్దనుకునేవాళ్ళను బలవంతపెట్టకండి, పౌరసత్వం వచ్చినవాళ్ళనే కదిలించండి. అత్తగా, బాబాయిగా మీకున్న చనువు ఏ అంతర్జాతీయ సంస్థకూ లేదు.

గ్రామసభ

ఇది పోటీలో లేదు, అసలు పునాది ఇదే. ప్రపంచ పేదల్లో చాలామంది మన దేశంలోనే ఉన్నప్పుడు మన ఊరి లెక్క ప్రపంచ లెక్కలో భాగమే. ఉపాధి పనుల సామాజిక తనిఖీని ప్రభుత్వమే ఒక పద్ధతిగా నడపడంలో ముందున్నది మన రాష్ట్రమే, 2006 నుంచి. తనిఖీ బృందం ఊరికి వచ్చి మస్టరు రోల్ (కూలీల హాజరు పట్టీ) చదివినప్పుడు, ఎప్పుడో చనిపోయినవాడి పేరు మీద పని దినాలు కనబడితే లేచి చెప్పేవాళ్ళు కావాలి. చదువుకున్నవాళ్ళు ఆ రోజు ఊళ్ళో ఉండరు, అదే బాధ. ఏడాదికి ఒకటి రెండు పూటలు పని, ఫలితం కళ్ళ ముందే తెలుస్తుంది. కాకపోతే ఊళ్ళో ముఖాలు మాడుతాయి, పార్టీ రంగు పూస్తారు. ఒంటరిగా లేవకండి, గ్రూపు మహిళలతో కలిసి వెళ్ళండి.

ఇంతకీ ఏది ఎంచుకోవాలి

విద్యార్థులైతే ఉత్తరం. డబ్బు లేదు, సమయం ఉంది, ఎచ్చెర్లలో విశ్వవిద్యాలయం ఉంది, నెలకోసారి కూడడానికి గది దొరుకుతుంది. జీతగాళ్ళయితే సగం సగం: విరాళం బ్యాంకు నుంచి దానంతటదే పోయేలా పెట్టేసి మర్చిపోండి, ఆ గంటను ఉత్తరానికి ఉంచుకోండి. పింఛనుదారులకు ఇద్దరు ముగ్గురు ఎంపీల తరాలు చూసిన అనుభవం, దరఖాస్తు రాసే చెయ్యి రెండూ ఉంటాయి. ఉత్తరం, పత్రిక లేఖ వాళ్ళకే వదిలేస్తాను. ఊళ్ళో ఉండేవాళ్ళు ముందు గ్రామసభ చూడండి. విదేశాల్లో దగ్గరివాళ్ళున్న ఎవరైనా ముందు ఆ ఫోను చేయండి, మిగతావి తర్వాత.

పార్లమెంటు బడ్జెట్ సమావేశాలు సాధారణంగా జనవరి చివర మొదలవుతాయి. పదిహేను రోజుల నోటీసు, ఉత్తరం ఎంపీ ఆఫీసులో తిరిగే రోజులు కలుపుకుంటే డిసెంబరు ఆఖరుకు మీ కవరు అక్కడ ఉండాలి. లోక్‌సభలో విదేశాంగ శాఖ వంతు సాధారణంగా శుక్రవారం వస్తుంది, ఆ రోజు ప్రశ్నల జాబితా లోక్‌సభ వెబ్‌సైట్‌లో చూడవచ్చు. ఆ శాఖ పద్దులను పరిశీలించే స్థాయీ సంఘం నివేదిక కూడా ఏటా బయటికి వస్తుంది. మీ ప్రశ్న కనబడకపోతే ఫోను చేసి అడగండి, వర్షాకాల సమావేశాలకు మళ్ళీ పంపండి. రెండోసారి పంపేటప్పుడు మొదటి ఉత్తరం నకలు జతచేసి, పైన తేదీ రాయడం మర్చిపోవద్దు.